కొరింథు రాళ్ళు, కొరింథు సంఘము

(శతవార్షికోత్సవముల సందర్భముగా పాస్టరేట్ హాలులో జరిగిన సాయంకాల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



గ్రీసు దేశము వెళ్ళివచ్చిన పదునొకండుగురి పక్షమున నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు కోరారు. మాలో రిటైరయిన ఉపాధ్యాయులు ఉన్నారు, ఒక నర్సమ్మ ఉన్నారు, రైల్వేలో పనిచేసినవారు ఉన్నారు, పొలము తప్ప వేరే వ్యాపకము లేనివారూ ఉన్నారు. చదువుతున్నది ఒకరే అయినా ఇందులోని మాట అందరమూ కూర్చుని ఒప్పుకున్నదే. ఒప్పుకోని సంగతులు కూడ రెండు మూడు ఉన్నాయి. అవి వచ్చినప్పుడు చెబుతాము.

వచ్చిన నాటినుండి మమ్మును అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. "కొరింథులో పౌలు కట్టిన గుడి చూచారా?" చూడలేదండి. ఉంటే గదా చూచేది! ఆ కాలములో క్రైస్తవులకు గుడి అనే కట్టడమే లేదు. తరువాత దాదాపు రెండు వందల సంవత్సరముల వరకు వారు ఇండ్లలోనే కూడుకున్నారు. అయిదు, ఆరు శతాబ్దములలో కట్టిన పెద్ద పెద్ద దేవాలయముల పునాదులు ఆ ప్రాంతములో ఉన్నవి. లెఖాయోను రేవు దగ్గర ఉన్నదైతే మన పెద్ద గుడులను నాలుగైదింటిని వరుసగా పెట్టినంత పొడవు. కాని పౌలు ఎరిగిన సంఘము మాత్రము ఆ నేలమీద ఒక్క రాయి కూడ తన పేరిట విడిచిపెట్టలేదు. ఇంత దూరము వెళ్ళి ఇదేమిటని మాలో కొందరికి మొదట దిగులు కలిగింది. ఆ దిగులు ఎట్లా తీరినదో చెప్పడమే ఈ ప్రసంగము.

ఏథెన్సునుండి కొరింథుకు బస్సులో గంటన్నర లోపు ప్రయాణము. దారిలో కొరింథు కాలువ తగులుతుంది. రెండు సముద్రముల మధ్యనున్న సన్నని నేలను నిలువునా కోసి చేసిన కాలువ అది. పొడవు 6 కిలోమీటర్లకు పైన. పని 1882లో మొదలై 1893లో ముగిసింది. వంతెనమీద నిలబడి క్రిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి. నీరో చక్రవర్తి క్రీ.శ. 67లోనే ఇక్కడ త్రవ్వకము ప్రారంభించాడు గాని, అతని చావుతో అది ఆగిపోయింది. అంతకు ముందు, ఆ తరువాత కూడ, సరుకును ఒక రేవులో దించి నేలమీదుగా రెండవ రేవుకు చేర్చుకొనేవారు. కొరింథు ఐశ్వర్యమంతా ఈ దించుకోవడములో, ఎత్తుకోవడములో ఉన్నది. పడమట లెఖాయోను, తూర్పున కెంక్రేయ, రెండు రేవులు. రెండు వైపులా సుంకము.

కెంక్రేయ పేరు వినగానే మన సహోదరీలకు ఫీబే జ్ఞాపకము వచ్చి ఉంటుంది. అక్కడికీ వెళ్ళాము. భూకంపములకు ఆ రేవు సగము సముద్రములోకి క్రుంగిపోయింది. ఒడ్డున నిలబడితే తేటనీటి అడుగున పాతగోడల వరుస కనబడుతుంది. చిన్నపిల్లలు అక్కడ ఈత కొడుతున్నారు. రోమీయులకు వ్రాసిన పత్రిక ఈ రేవునుండి ఒక స్త్రీ చేతికి అప్పగింపబడి బయలుదేరినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయము. మేము అక్కడ ప్రార్థన చేసికొని, తెచ్చుకున్న రొట్టెలు తిని బస్సెక్కాము.

ఇక పట్టణము. ఇప్పుడు కొరింథు అనే పెద్ద ఊరు సముద్రపు ఒడ్డున వేరుగా ఉన్నది. 1858లో వచ్చిన భూకంపములో పాత ఊరు కూలిపోగా కొత్త ఊరు అక్కడ కట్టారు. పాతచోట ఒక పల్లె మిగిలింది. ఆ పల్లెను ఆనుకొని, కొంత దాని క్రిందనే, పౌలునాటి కొరింథు ఉన్నది. ఏథెన్సులోని అమెరికన్ పురావస్తు పాఠశాల 1896లో ఇక్కడ త్రవ్వకములు ప్రారంభించింది. అప్పటినుండి తరములు మారుతున్నా ఆ పని వారిదే. ఇంత త్రవ్వినా పట్టణములో కొంత భాగమే వెలుగు చూచినది.

లోపలికి వెళ్ళగానే కంటికి ఆనేవి ఏడు స్తంభములు. అపోలో దేవుని గుడివి అవి. (మన బైబిలులో అపొల్లో అనే బోధకుడు వేరు, మాలో ఒకరు ఆయన గుడే అనుకొని దగ్గరగా వెళ్ళి నమస్కారము పెట్టబోయారు. వారి పేరు చెప్పము.) ఒకప్పుడు ముప్పది ఎనిమిది స్తంభములు ఉండేవట. ఒక్కొక్క స్తంభము ముక్కలుగా పేర్చినది గాక ఒకే రాతితో మలచినది. ఎత్తు సుమారు 7 మీటర్లు. క్రీస్తు పుట్టుటకు ముందు ఆరవ శతాబ్దములో కట్టినవి. పౌలు ఈ ఊరికి వచ్చేసరికే వాటికి దాదాపు ఆరు వందల ఏండ్ల వయస్సు! ఆయన కళ్ళతో చూచినవాటిలో మా కళ్ళకు కూడ నిలిచి కనబడినవి బహు కొద్ది. వాటిలో ఇవి మొదటివి.

మరి ఇంత పాత ఊరు పౌలుకు కొత్త ఊరుగా ఎందుకు కనబడి ఉంటుంది? క్రీ.పూ. 146లో రోమా సేనాని మమ్మియస్ కొరింథును నాశనము చేశాడు. మగవారిని చంపించి, స్త్రీలను పిల్లలను బానిసలుగా అమ్మించాడు. నూరేండ్లు అది దాదాపు పాడుబడి ఉన్నది. క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు ఆజ్ఞచేత మరల కట్టబడింది. అక్కడికి పంపబడినవారిలో చాలామంది విడుదల పొందిన బానిసలు. అంటే పౌలు వచ్చిన నాటికి ఆ ఊరిలోని పెద్దకుటుంబములు మూడు తరముల క్రిందట బానిసత్వమునుండి బయటపడినవారివే ఎక్కువ. డబ్బు ఉన్నది, వంశము లేదు. అటువంటి ఊరిలో పేరు కోసము ఆరాటము ఎంత ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

లెఖాయోను వీధి అని ఒక రాళ్ళుపరచిన వీధి ఉన్నది. రేవునుండి నేరుగా ఊరి నడిమికి వస్తుంది. చక్కగా పరచిన బండలు, ఇరుప్రక్కల దుకాణముల గదులు. చివరకు మెట్లు ఎక్కాలి. బండ్లు లోపలికి పోవడానికి వీలులేదు. మెట్లకు ఎడమప్రక్కన పిరెనె అనే ఊట. దాని ముందు కమానులు, లోపల చీకటి గదులు. చెవి ఒగ్గితే నీటి చప్పుడు. రెండున్నర వేల ఏండ్లకు పైబడి ఆ ఊట ఎండలేదు. బిందెలతో వచ్చిన ఆడవారి మాటలు, తగవులు, సంఘములో ఎవరు ఏ పక్షమువారన్న గుసగుసలు ఇక్కడే జరిగి ఉంటాయని మా సహోదరీలు అన్నారు. పురుషులము కాదనలేకపోయాము.

దుకాణములను కొంచెము నిదానముగా చూచాము. మూడు, నాలుగు మీటర్ల వెడల్పు గల గదులు. మన బజారులో దర్జీ కొట్టుకంటె కొంచెము పెద్దవి. అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టే వృత్తిలో ఉండి, పౌలును తమతో ఉంచుకున్నారని అపొస్తలుల కార్యములలో చదువుతాము. వారి కొట్టు ఏదో ఎవరికీ తెలియదు. తెలియనక్కరలేదు కూడ. ఇటువంటి గదిలో తెల్లవారినది మొదలు వంగి కూర్చుని, దబ్బనముతో ముతకగుడ్డనో తోలునో కుట్టుతూ, వచ్చిన గిరాకీతో మాట్లాడుతూ ఒకటిన్నర సంవత్సరము గడిపిన మనిషి ఆయన. కొరింథులో ధనికులైనవారు చేతిపనివారిని లెక్కచేసేవారు కారు. జీతము తీసుకొనక పనిచేసినందుకు ఆయనను మెచ్చుకొనలేదు సరికదా, తక్కువగా చూచారు. రెండు పత్రికలలోను ఆ బాధ కనబడుతుంది. ఆ గది గడపమీద కూర్చుంటే ఆ వచనములు వేరే విధముగా అర్థమయ్యాయి.

ఊరినడుమ చావడివంటి విశాలమైన స్థలము. దాని మధ్య ఎత్తయిన రాతి అరుగు. అదే న్యాయపీఠము. గల్లియోను ముందుకు పౌలును యూదులు పట్టుకొనివచ్చినది ఇక్కడికేనని చెబుతారు. మధ్యయుగములలో దానిమీద ఒక గుడి కట్టారు. దాని పునాదులు ఇంకా ఉన్నవి. అక్కడ మేము చాలసేపు నిలబడ్డాము. ఎందుకంటే ఇది ఊరక చెప్పుకొనే సంగతి కాదు. దీని వెనుక ఒక రాతి సాక్ష్యము ఉన్నది. అయితే ఆ రాయి కొరింథులో లేదు. దెల్ఫి అనే వేరొక ఊరిలో దొరికింది. క్లౌదియ చక్రవర్తి వ్రాయించిన ఉత్తరము ఒకటి అక్కడ రాతిమీద చెక్కించారు. ఆ రాయి పగిలి ముక్కలయింది. 1905లో ఆ ముక్కలను కలిపి ప్రకటించినప్పుడు అందులో గల్లియోను పేరు, అతడు అకయకు అధిపతియన్న మాట, చక్రవర్తి బిరుదుల లెక్క కనబడ్డాయి. ఆ లెక్కను బట్టి గల్లియోను ఇక్కడ అధికారము చేసినది క్రీ.శ. 51, 52 ప్రాంతమని తేలింది. పౌలు జీవితములో తక్కిన తేదీలను ముందుకు, వెనుకకు లెక్కించేది ఈ ఒక్క మేకుకు తాడు కట్టే. నూటయిరువది ఏండ్ల క్రిందట వరకు ఈ ఆధారము ఎవరికీ లేదు. మన తాతముత్తాతలకు సువార్త చెప్పిన మొదటి మిషనరీలకు కూడ ఇది తెలియదు.

ఈ మాట ఎందుకు చెబుతున్నామంటే, అక్కడ గైడులు చెప్పే ప్రతి సంగతికి ఇంత బలము లేదు. మ్యూజియములో ఒక గుమ్మపు రాయి ఉన్నది. హెబ్రీయుల సమాజమందిరము అనే మాటలు గ్రీకులో సగము చెరిగి కనబడతాయి. 1898లో దొరికింది. ఎంతోమంది దానిముందు ఫోటోలు దిగి, పౌలు ప్రసంగించిన సమాజమందిరపు గుమ్మమని ఇంటికి చెప్పుకుంటారు. అక్షరముల తీరును బట్టి అది పౌలుకు కొన్ని వందల ఏండ్ల తరువాతిదని పండితులు నిర్ణయించారు. ఊరిలో యూదులు ఉన్నారనడానికి సాక్ష్యమే, ఆ గుమ్మము క్రింద పౌలు నడిచాడనడానికి మాత్రము కాదు. మాలో కొందరికి ఈ మాట రుచించలేదు. "నమ్మితే ఏమి పోయింది" అన్నారు. రాయి చెప్పినంతవరకే మనము చెప్పాలని తక్కినవారము అన్నాము. ఇది ఒప్పుకోని సంగతులలో మొదటిది.

ఇంకొకటి. కొరింథు కొండమీద వీనసు గుడిలో వేయిమంది దేవదాసీలు ఉండేవారని మన ప్రసంగపీఠములనుండి ఎన్నిసార్లు వినలేదు! కొండ ఎక్కి చూచాము. 575 మీటర్ల ఎత్తు, మోకాళ్ళు పట్టేశాయి. పైన గుడి పునాది ఉన్నమాట నిజమే. చిన్నది. వేయిమంది మాట స్త్రాబో అనే భూగోళ రచయిత వ్రాసినది. ఆయన చెప్పినది మమ్మియస్ పాడుచేసిన పాతపట్టణమును గూర్చి. పౌలునాటి పట్టణమును గూర్చి కాదు. పాతపట్టణము విషయములో కూడ ఆ లెక్కను ఇప్పటి పండితులు అనుమానిస్తున్నారు. కొరింథీయులు పౌలును ఏడిపించిన పాపములు వేరే ఉన్నవి. అవి మనకు బాగా పరిచయమైనవే. అందుచేతనే కాబోలు, కొండమీది వేయిమందిని గూర్చి చెప్పడము మనకు సుళువుగా ఉంటుంది.

మ్యూజియములో మట్టితో చేసి కాల్చిన అవయవములు ఒక గదినిండా ఉన్నవి. చేతులు, పాదములు, చెవులు, కండ్లు, రొమ్ములు. అస్క్లేపియుస్ అనే వైద్యదేవుని గుడిలో స్వస్థత పొందినవారు ఇచ్చుకున్న మొక్కుబడులు. వేళాంగణ్ణి వెళ్ళినవారు వెండి కాళ్ళు, చేతులు చూచి ఉంటారు, అటువంటివే. ఏ అవయవముతో రోగి బాధపడ్డాడో ఆ అవయవము. మాతో వచ్చిన నర్సమ్మ ఆ గదినుండి కదలలేదు. "చెవి ఒకచోట, కాలు ఒకచోట, మనిషి మాత్రము ఎక్కడా లేడు" అన్నారామె. శరీరము ఒక్కటే, అవయవములు అనేకమని పౌలు వ్రాసిన అధ్యాయము మాకందరికి ఒక్కసారే తట్టింది. ఆయన వీటిని చూచే వ్రాశాడా? చెప్పలేము. ఇవి క్రీస్తుకు ముందు అయిదు, నాలుగు శతాబ్దములవి. పౌలునాటికి ఇవి మట్టిక్రింద ఉన్నవి. కాని అటువంటి మొక్కుబడులు లోకమంతటా ఉన్నవే.

ఇదే మ్యూజియములో 1990 ఏప్రిల్‌లో దొంగలుపడి కావలివానిని కొట్టి మూడు వందలకు కొంచెము తక్కువగా వస్తువులు ఎత్తుకుపోయారు. తొమ్మిదేండ్లకు అమెరికాలోని మయామీలో చేపల పెట్టెల అడుగున చాలభాగము దొరికింది. 2001లో తిరిగి వచ్చాయి. చచ్చినవారి వస్తువులకు కూడ ఇన్ని ప్రయాణములు.

ఇప్పుడు ఎరస్తు రాతి సంగతి. దీనికోసమే మాలో సగముమంది వెళ్ళాము. ప్రధాన ద్వారము లోపల ఉండదు. పాత నాటకశాల దగ్గర, దారిప్రక్క, కంచె అవతల నేలమీద పరచిన బండలలో ఉన్నది. తెలియనివారు దాటిపోతారు. 1929లో దొరికింది. ఒక్కొక్క అక్షరము జానెడుకు కొంచెము తక్కువ ఎత్తు. రాతిలో అక్షరముల ఆకారము తొలిచి, సీసము పోసి, అందులో కంచు అక్షరములు దిగేశారు. కంచు ఎవరో ఎన్నడో పెకలించుకుపోయారు. గుంటలు మిగిలాయి. ఎరస్తు అనే ఆయన తనకు మునిసిపల్ అధికారపదవి ఇచ్చినందుకు బదులుగా తన సొంత ఖర్చుతో ఈ నేల పరపించాడని లాటినులో వ్రాసి ఉన్నది.

చూచారా! పదవి ముందు, చందా తరువాత.

రోమీయులకు వ్రాసిన పత్రిక చివర, కొరింథునుండి వందనములు చెప్పినవారిలో పట్టణపు ఖజానాదారుడైన ఎరస్తు ఒకడు. ఆ ఎరస్తు, ఈ ఎరస్తు ఒక్కరేనా? ఔనని చాలమంది నమ్ముతారు. పేరు తరచుగా వినబడేది కాదు, ఊరు ఒకటే, ఇద్దరూ ఊరి అధికారులే. కాదనేవారి మాట కూడ వినదగినదే. రెండు పదవుల పేర్లు ఒకటి కావు. ఆ పరుపుబండలు పౌలుకు తరువాతి తరమువో, ఇంకా తరువాతివో అని కొందరు పండితులు లెక్క కట్టారు. మేము ఆ కంచె దగ్గరే వాదించుకున్నాము. ఇది ఒప్పుకోని సంగతులలో రెండవది. బస్సు డ్రైవరు హారను కొట్టేవరకు తేలలేదు, ఇప్పటికీ తేలలేదు.

కాని ఒక సంగతిలో మాకు భేదము లేదు. ఆ చావడిలో ఎటు చూచినా ఇటువంటి వ్రాతలే. బబ్బియస్ అనే ఆసామి ఒక గుండ్రని మంటపము కట్టించి, తన సొంత ఖర్చుతో కట్టించానని చెక్కించుకున్నాడు. పని సరిగా జరిగిందని పైఅధికారి హోదాలో తానే సర్టిఫికెట్టు ఇచ్చుకున్నాడు! తండ్రి పేరు చెప్పుకొనలేదు. బహుశా బానిసగా ఉండి విడుదల పొందినవాడై ఉంటాడని పండితులు అంటారు. తండ్రి పేరు లేనివాడు తన పేరు రాతిలో దింపుకున్నాడు. మనము నవ్వాము గాని, ఇంటికి వచ్చి మన గుడిలో పైకి చూస్తే ఫాను రెక్కలమీద పేరు, ట్యూబులైటు పట్టీమీద పేరు, బెంచీ వీపున పేరు. తప్పని మేము అనడము లేదు. ఇచ్చినవారు ఇచ్చారు గనుకనే గాలి వస్తున్నది.

అయితే ఆ వందనముల వాక్యము మరల తీసి చదవండి. ఎరస్తు ప్రక్కనే, అదే వాక్యములో, క్వర్తు అనే ఒక పేరు ఉన్నది. ఆ పేరుకు నాలుగవవాడని అర్థము. ఆ పత్రికను చేతితో వ్రాసిన తెర్తియు పేరుకు మూడవవాడని అర్థము. ఇటువంటి పేర్లు బానిసలకు కూడ పెట్టేవారు. ఎరస్తుకు ఖజానాదారుడనే హోదా చెప్పబడింది. క్వర్తుకు చెప్పడానికి ఏమీ లేదు. సహోదరుడు అన్నారు, అంతే. రాళ్ళలో ఎరస్తు ఉన్నాడేమో, క్వర్తు ఎక్కడా లేడు. క్వర్తు ఉన్నది ఉత్తరములోనే. గుడి కనబడలేదని మొదట మాకు కలిగిన దిగులు ఆ బండల దగ్గర పోయింది. ఊరి రాళ్ళు డబ్బు పెట్టినవారిని జ్ఞాపకము పెట్టుకున్నాయి. సంఘము ఇద్దరినీ ఒక్క వాక్యములో కూర్చోబెట్టింది.

కూర్చోబెట్టిందని అంత సుళువుగా అనకూడదేమో. కూర్చోవడము దగ్గరే గదా అక్కడ తగవు వచ్చినది.

ఈ హాలులో, మీ కుర్చీల నడుమ, సుద్దముక్కతో గీసిన గీతలు వచ్చినప్పటినుండి మీరు చూస్తున్నారు. పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆట అనుకున్నారు. అది కొరింథులోని ఒక ఇంటి భోజనపు గది కొలత. ఊరి పడమటి ప్రక్క అనప్లోగ అనే చోట ఆ ఇల్లు త్రవ్వకములో బయటపడింది. గది 7.5 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు. మన లెక్కలో ఇరవైనాలుగున్నర అడుగులు, పద్దెనిమిది అడుగులు. పెద్ద గదే అనిపిస్తుంది. అయితే వారు కూర్చుని తినరు. మూడు గోడల వెంబడి పరుపులు వేసి, మోచేతిమీద ఒరిగి తింటారు. అట్లా అయితే ఆ గదిలో మర్యాదగా పట్టేది తొమ్మిదిమంది. ఆ ప్రక్కన గీసిన రెండవ గీత ముంగిలి. 6 మీటర్లు, 5 మీటర్లు. నడుమ వాననీటి తొట్టి. అక్కడ ముప్పది, నలువదిమంది ఒకరినొకరు ఆనుకొని కూర్చోవచ్చును. యెరూషలేములో బోధించిన కతోలిక పండితుడు జెరోమ్ మర్ఫీ ఓ'కానర్ 1983లో ప్రకటించిన పుస్తకములో ఈ కొలతలు చూపి, కొరింథు సంఘములోని తగవును వివరించాడు. ఆ ఇల్లు పౌలునాటిది కాకపోవచ్చునని, పేదలు ఇంతకంటె చిన్నచోట్ల కూడుకొని ఉంటారని తరువాతివారు అన్నారు. ఉండవచ్చును. ఇల్లు అది కాకపోయినా, ఇంటి పద్ధతి అదే.

ఇప్పుడు ఆలోచించండి. ఇంటివాడు ధనికుడు. పెందలకడ వచ్చే వీలున్నవారు అతని స్నేహితులు. వారు లోపల పరుపులమీద చేరుతారు. మంచి ద్రాక్షారసము, మంచి కూర వారికి. చీకటిపడ్డాక రేవులో మూటలు మోసినవాడు, కొట్టులో కుట్టినవాడు, యజమాని వదిలితే గాని రాలేని దాసి వస్తారు. వారికి ముంగిలి. అప్పటికి కుండ అడుగంటింది. ఒకడు ఆకలితో ఉండగా ఒకడు మత్తుడవుతున్నాడని పౌలు మండిపడినది ఈ గుమ్మము దగ్గరే. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, గెంటలేదు. గది చాలలేదు, అంతే. ఆ ఊరి మర్యాద ప్రకారము ఎవరు లోపల, ఎవరు బయట అనేది అడుగనక్కరలేని సంగతి. ఆ అడుగనక్కరలేనితనమే ఆయనకు సహింపరానిదయింది. ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనండని వ్రాశాడు.

మన పెద్దలు చెప్పగా విన్నవారము ఇక్కడ చాలమంది ఉన్నాము. ఏ గ్రామమని చెప్పము. ఒకప్పుడు ఈ పేటవారు ముందు చాపలమీద, ఆ పేటవారు వెనుక; పాత్ర ముందువారు త్రాగిన తరువాతనే వెనుకకు. ఆ చాపలను కలపడానికి గురువులు ఎంత పోరాడారో, ఎన్ని కుటుంబములు అలిగి గుడికి రావడము మానివేశాయో మీకు తెలియనిది కాదు. చాపలు కలిశాయి. సమాధుల దగ్గర, సంబంధముల దగ్గర ఎంత కలిశామో ఈ సాయంకాలము అడుగము.

అడిగేది ఒక్కటే, అదీ చిన్నది. శతవార్షికపు విందుకు రెండు పందిళ్ళు వేయాలన్న మాట కమిటీలో వచ్చింది. ముఖ్యఅతిథులకు, దాతలకు, డెలిగేట్లకు కుర్చీలు, బల్లలు వేసి ఒక షామియానా. పల్లెలనుండి లారీలలో, ట్రాక్టర్లలో వచ్చేవారికి బయట మైదానములో పందిరి. వంట ఒక్కటేనని అంటున్నారు. కారణములు కూడ ఉన్నవి. జనము వేలలో వస్తారు, పెద్దవయసు అతిథులు ఎండలో నిలువలేరు, షామియానా చాలదు. ఇవి అబద్ధపు కారణములు కావు. కొరింథులో గది చాలలేదన్నది కూడ అబద్ధము కాదు. మా పదునొకండుగురి మనవి ఏమంటే, పందిరి ఒక్కటే వేయండి, పంక్తులుగా వడ్డించండి. ముసలివారు, రోగులు, బాలింతలు ఎవరైనా సరే మొదటి పంక్తి. దూరపు పల్లెల లారీలు ఆలస్యమైతే వారు వచ్చేవరకు పొయ్యిమీదినుండి కుండ దింపవద్దు. ఖర్చు పెరుగుతుందని కోశాధికారిగారు లెక్క చూపారు. పెరిగినది ఎంతో చెబితే మేము పదునొకండుగురము పంచుకుంటాము. రాతిమీద పేర్లు అక్కరలేదు.

వచ్చే గురువారము సాయంకాలము ఆరు గంటలకు కమిటీ ఈ హాలులోనే కూర్చుంటుంది. అప్పటివరకు ఈ గీతలు చెరపవద్దని తోటీగారితో చెప్పియున్నాము. ఈ రాత్రి ఇళ్ళకు పోయేముందు, వీలున్నవారు తొమ్మిదిమంది లోపలి గీతలోను, తక్కినవారు ముంగిలిలోను ఒక్క నిమిషము నిలబడి చూడండి. ఎవరు లోపల నిలబడాలో మీరే తేల్చుకొనండి.